సెల్‌ఫోనుకు దిశ తెలిసిన విధము

సెల్‌ఫోనును పక్కకు త్రిప్పితే తెరమీది బొమ్మ కూడా తిరుగుతుంది. తాను ఎటు వాలినదీ, ఎంత తిరిగినదీ ఆ పరికరమునకు ఎట్లా తెలుస్తుంది?

1852లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లియాన్ ఫూకో వేగముగా తిరిగే చక్రమును వలయములలో అమర్చి, దానికి గైరోస్కోపు అని పేరు పెట్టాడు. వలయములు ఎటు తిరిగినా చక్రపు ఇరుసు తన దిశను విడువదు.

అపోలో వ్యోమనౌకలలో గైరోస్కోపులున్న పీఠమును మూడు వలయముల నడుమ నిలిపారు. నౌక తిరిగినా పీఠము తిరుగదు. వలయముల కోణములే నౌక భంగిమను తెలుపుతాయి. కాని మధ్య వలయము తొంబది డిగ్రీల వరకు వంగితే మిగిలిన రెండింటి ఇరుసులు ఒకే రేఖలోకి వస్తాయి. అప్పుడు పీఠము దిశ తప్పుతుంది. 1970 ఏప్రిల్‌లో అపోలో-13లో ఆక్సిజను తొట్టి పేలగా, వ్యోమగాములు చంద్రనౌకను ఆశ్రయించారు. మాతృనౌక పీఠపు కోణములను బట్టి చంద్రనౌక కోణములను జేమ్స్ లోవెల్ కాగితముపై లెక్కకట్టి, ఆ లెక్కను సరిచూడుమని భూమిపై ఉన్నవారిని కోరాడు. కూడికలో పొరపాటు జరిగితే ఇంటిదారి తప్పుతుంది!

ఫోనులో వలయములు లేవు. అయినా భంగిమను మూడు కోణములతో వ్రాస్తే ఆ చిక్కే గణితములో ఎదురవుతుంది. దీనికి విరుగుడు ఏనాడో సిద్ధమైంది. 1843 అక్టోబరు 16న విలియం హామిల్టన్ డబ్లిను నగరములో కాలువగట్టున భార్యతో నడుస్తూ, నాలుగు అంశములు గల క్వాటర్నియను సంఖ్యలను కనుగొన్నాడు. సూత్రమును బ్రూమ్ వంతెన రాతిపై చెక్కాడు. ఈ సంఖ్యలతో లెక్క ఏ భంగిమలోనూ చిక్కుపడదు.

2010లో వచ్చిన ఐఫోను-4లో గైరోస్కోపు ఉన్నది. అందులో తిరిగే చక్రము మాత్రము లేదు. అతిచిన్న సిలికాను తునక కంపిస్తూ ఉంటుంది. ఫోను తిరిగితే, 1835లో కొరియోలిస్ వివరించిన బలము ఆ తునకను పక్కకు త్రోస్తుంది. ఆ త్రోపును బట్టి భ్రమణవేగము తెలుస్తుంది. క్షణక్షణము దానిని కూడితే తిరిగిన కోణము వస్తుంది.

అయితే కూడికతో పాటు తప్పులూ కూడుతాయి. సెకనుకు 0.1 డిగ్రీ తప్పు పది నిమిషములలో 60 డిగ్రీలవుతుంది! అందుచేత త్వరణమాపకము, నిశ్చలముగా ఉన్నప్పుడు భూమ్యాకర్షణను బట్టి క్రిందు ఏదో చెబుతుంది, కుదిపితే మోసపోతుంది. అయస్కాంత సూచి ఉత్తరమును చూపుతుంది. ఇనుము దగ్గరుంటే తడబడుతుంది. కనుక క్షణికమైన కదలికకు గైరోస్కోపు మాటను నమ్మి, తక్కిన రెండింటి సాక్ష్యముతో దానిని మెల్లమెల్లగా సరిదిద్దుతారు.

ఏ సాధనమూ తప్పు లేనిది కాదు. ఒకదాని లోపము వేరొకదానికి లేదు గనుకనే మూడింటి సాక్ష్యముతో దిశ తేలుతున్నది.