దేవతల ఆహారం, మన కుక్కకి విషం: చాక్లెట్ చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ ఒక పిల్లితో మొదలై, మా ఇంట్లో కుక్క దగ్గర ఆగుతుంది. మధ్యలో రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

1819వ సంవత్సరం. జర్మనీలో యేనా అనే ఊరు. ఫ్రీడ్లీబ్ రుంగె అనే పాతికేళ్ళ కుర్రాడు చంకలో ఒక పిల్లిని పెట్టుకుని మహాకవి గోథేని కలవడానికి వెళ్ళాడు. బెల్లడోనా మొక్క రసం పడితే కంటిపాప ఎంత పెద్దదవుతుందో ఆ పిల్లి కంట్లోనే చూపించాడు. గోథే ముచ్చటపడి, వీటిని కూడా పరీక్షించి చూడమని కొన్ని కాఫీ గింజలు ఇచ్చాడు. వాటి నుంచి రుంగె వేరు చేసిన పదార్థమే కెఫిన్.

1841లో వోస్క్రెసెన్‌స్కీ అనే రష్యన్ కెమిస్ట్ కోకో గింజల్లో దానికి దగ్గర చుట్టాన్ని పట్టుకున్నాడు. దాని పేరు థియోబ్రోమిన్. కోకో చెట్టుకి 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు థియోబ్రోమా, అంటే గ్రీకులో దేవతల ఆహారం. అందులోంచి వచ్చింది ఈ మాట. బీటెక్ చదివిన నేను కూడా మొన్నటిదాకా ఇందులో బ్రోమిన్ ఉందనే అనుకున్నా. లేదండి, పేరులో మాత్రమే!

మరి మనకి ఏమీ కాని ఈ థియోబ్రోమిన్ కుక్కకి ఎందుకు విషం? తేడా అంతా టైమ్‌లో ఉంది. మన లివర్ దీన్ని కొన్ని గంటల్లోనే విరిచి పంపించేస్తుంది. కుక్క లివర్ చాలా నెమ్మది. ఒంట్లోకి వెళ్ళిన దాంట్లో సగం తగ్గడానికే సుమారు పదిహేడున్నర గంటలు పడుతుంది. అంతసేపూ గుండెనీ నరాలనీ అది పరిగెత్తిస్తూనే ఉంటుంది.

అసలు మలుపు 1828లో వచ్చింది. అప్పటిదాకా చాక్లెట్ అంటే డబ్బున్నవాళ్ళు తాగే పానీయం. నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ వాళ్ళు కోకోలోంచి కొవ్వుని పిండేసే ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నారు. కొవ్వు పోయాక మిగిలిన పిండే కోకో పౌడర్. థియోబ్రోమిన్ కొవ్వుతో పోకుండా దాదాపు మొత్తం ఆ పౌడర్‌లోనే ఉండిపోయింది. 1847లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ తినే చాక్లెట్ బార్ చేసింది. 1875లో స్విట్జర్లాండ్‌లో డానియెల్ పీటర్ పాలు కలిపి మిల్క్ చాక్లెట్ చేశాడు. అలా అది ఇంటింటికీ, పిల్లల చేతుల్లోకీ, కుక్క మూతికి అందే ఎత్తులోకీ వచ్చింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. పోయిన డిసెంబర్‌లో కేక్ చేద్దామని కోకో పౌడర్ తెచ్చాం. మా బ్రూనోగాడు, తొమ్మిది కేజీలుంటాడు, ప్యాకెట్ చింపేసి నాకేశాడు. నాకు అంత కంగారు పుట్టలేదు. అమ్మ కూడా, "మన ఊళ్ళో రాజుగాడికి రోజూ చాక్లెట్లు పెట్టేవాళ్ళం కదరా, ఏమైంది?" అంది.

ఇక్కడే ఉందండి మోసం. మన ఇళ్ళల్లో పిప్పరమెంటూ చాక్లెట్టే, నిమ్మతొన బిళ్ళా చాక్లెట్టే. వాటిలో కోకో ఉండదు. రాజుగాడు తిన్నది పంచదార. బ్రూనోగాడు తిన్నది వాన్ హౌటెన్ పిండి.

లెక్క చూడండి. మిల్క్ చాక్లెట్‌లో గ్రాముకి సుమారు 2 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటుంది. డార్క్‌లో 5 పైనే. కోకో పౌడర్‌లో దాదాపు 26! కుక్క బరువులో కేజీకి 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, అసహనం మొదలవుతాయి. 40 దాటితే గుండె లయ తప్పుతుంది. 60 దగ్గర ఫిట్స్. మావాడు తిన్నది ఇరవై గ్రాములనుకున్నా కేజీకి 58 పడింది.

రాత్రి పదకొండుకి డాక్టర్ గారికి ఫోన్ చేస్తే నాలుగే ప్రశ్నలు అడిగారు: బరువెంత, ఏ రకం, ఎంత, ఎప్పుడు? నేను "చాక్లెట్ కాదు సార్, పౌడరే" అన్నాను, అదేదో తక్కువైనట్టు. "వెంటనే తీసుకురండి" అన్నారు. వాంతి చేయించి, బొగ్గు మందు పట్టి, సెలైన్ పెట్టారు. దీనికి విరుగుడు మందంటూ లేదు, ఒళ్ళే బయటికి పంపాలి. ఒకటిన్నర రోజు వాడి గుండె మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. బతికాడు.

పిల్లులకీ ఇది విషమే. కాకపోతే వాటి నాలుకకి తీపి తెలియదు కాబట్టి చాక్లెట్ జోలికి తక్కువ వస్తాయి. కాఫీ పొడి, ఫిల్టర్‌లో మిగిలిన పిప్పి కూడా కుక్కలకి అందనివ్వకండి. రుంగె కనిపెట్టిన కెఫిన్ అక్కడే ఉంది. ఒకవేళ తినేస్తే ఇంట్లో ఉప్పునీళ్ళు పట్టకండి, అది ఇంకో ప్రమాదం. కుక్క బాగానే ఉంది కదా అని ఆగకండి, లక్షణాలు కొన్ని గంటలు పోయాక కూడా మొదలవ్వొచ్చు. ప్యాకెట్ చేతిలో పట్టుకుని డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆ నాలుగు ప్రశ్నలకి జవాబు రెడీగా పెట్టుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు కోకో డబ్బా పై అరలో, కారం డబ్బా వెనక ఉంటుంది. అమ్మే పెట్టింది. మీ ఇంట్లో ఎక్కడుందో ఒకసారి చూసి రండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.