పరాశక్తి - 'సక్సెస్' అనే శకునం



ఛత్తీస్‌గఢ్‌లో కుంట దాటి లోపలికి వెళ్తే భేజ్జి వస్తుంది. అక్కడ మా మేనల్లుడు కిరాణా కొట్టు నడుపుతున్నాడు. కుంటలో మరో కొట్టు అద్దెకు తీసుకున్నాడు గానీ, మూఢం ఉందని రెండు నెలలుగా తెరవలేదు. అద్దె మాత్రం కడుతున్నాడు. ఇదేం లెక్కరా అని అడిగితే, "మొదలు బాగుండాలి మావయ్యా! శివాజీ గణేశన్ కెమెరా ముందు అన్న మొదటి మాట 'సక్సెస్' అట. అందుకే అంతవాడయ్యాడట" అన్నాడు.

ఇది తమిళనాట చాలాకాలంగా చెప్పుకునే కథే. ఆ సినిమా 1952 దీపావళికి విడుదలైన 'పరాశక్తి'. ఆయన మొదటిసారి కెమెరా ముందు నిలబడిన చోట ఏవీఎం స్టూడియోలో స్మారకం కూడా కట్టారు. ఆ మాట అనలేదని నేను వాదించను. నా ప్రశ్న వేరు. ఆ మాటకీ ఆ విజయానికీ సంబంధం ఏమిటి? ముప్ఫై అయిదేళ్ళు రక్షణ శాఖలో పద్దులు తనిఖీ చేసినవాణ్ణి. కాబట్టి ఈ పద్దు కూడా చూద్దాం.

నిర్మాత నేషనల్ పిక్చర్స్ పి.ఎ. పెరుమాళ్. ఏవీఎం మెయ్యప్ప చెట్టియార్‌తో కలిసి తీశాడు. దర్శకులు కృష్ణన్-పంజు. మాటలు రాసింది కరుణానిధి, అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. నాటకాల్లో శివాజీ నటన చూసి ముచ్చటపడి హీరోగా తెచ్చింది పెరుమాళే. అసలు గణేశన్‌కు 'శివాజీ' అని పేరు పెట్టింది పెరియార్. అణ్ణాదురై రాసిన నాటకంలో ఛత్రపతి శివాజీ వేషం చూసి అలా పిలిచాడు.

కొన్ని సన్నివేశాలు తీశాక ఏం జరిగింది? కుర్రాడు మరీ బక్కగా ఉన్నాడు, మార్చేద్దాం అన్నాడు మెయ్యప్పన్. కె.ఆర్. రామస్వామిని పెడదాం అన్నాడు. పెరుమాళ్ ససేమిరా ఒప్పుకోలేదు. శివాజీ నిలిచాడు. మొదట్లో తీసిన సన్నివేశాలను తర్వాత మళ్ళీ తీశారు. సినిమా పూర్తి కావడానికి రెండేళ్ళకు పైగా పట్టింది.

శకునానికి అంత బలమే ఉంటే, అది పలికిన కొద్దిరోజులకే హీరో ఉద్యోగం ఊడే పరిస్థితి ఎందుకు వచ్చింది? మొదట్లో తీసినవాటినే మళ్ళీ ఎందుకు తీయాల్సి వచ్చింది? శివాజీని కాపాడింది ఒక మనిషి మొండిపట్టు. నిలబెట్టింది ఏళ్ళ తరబడి నాటకాల్లో చేసిన సాధన, కరుణానిధి మాటల పదును. వీటిలో ఏ ఒక్కటీ పంచాంగంలో దొరకదు.

ఇంకో సంగతి. మంచి ముహూర్తం చూసి, కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టి, డబ్బాల్లోనే ఉండిపోయిన సినిమాలు ఎన్ని లేవు! వాటి మొదటి మాట ఏమిటో ఎవరూ చెప్పుకోరు. జమ మాత్రమే రాసి ఖర్చు రాయని చిట్టాలో ఎప్పుడూ లాభమే కనిపిస్తుంది. శకునాల లెక్క అంతా ఇలాగే ఉంటుంది.

అసలు విడ్డూరం కథలోనే ఉంది. రంగూన్‌లో స్థిరపడ్డ ముగ్గురు అన్నదమ్ములు, మదురైలో చెల్లెలు కల్యాణి. ఆ పాత్ర వేసింది మన 'గుణసుందరి కథ' జూనియర్ శ్రీరంజనే. యుద్ధం రోజుల్లో చెల్లెలి పెళ్ళికని బయలుదేరిన గుణశేఖరన్ మద్రాసులో ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. భర్త, తండ్రి చనిపోయి చంటిబిడ్డతో మిగిలిన కల్యాణి మీద గుళ్ళో పూజారి అఘాయిత్యానికి దిగుతాడు. తర్వాత గుణశేఖరన్ అమ్మవారి విగ్రహం వెనక నుంచి మాట్లాడతాడు. దేవతే పలికిందని పూజారి అదిరిపోతాడు. అమ్మవారు ఏనాడు మాట్లాడిందిరా అని నిలదీస్తాడు గుణశేఖరన్. కోర్టులో మాత్రం గుడి వద్దని కాదు, గుడి దుర్మార్గులకు ఆశ్రయం కాకూడదని అంటాడు. కాబట్టి ఇది పూర్తి నాస్తిక సినిమా అని మనం గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. అయినా ఆ మాత్రానికే నిషేధించాలని గొడవ చేశారు. జనం మాత్రం విరగబడి చూశారు. 1957లో తెలుగులోకి కూడా డబ్ చేశారు.

రాయి మాట్లాడదని చెప్పిన సినిమా అది. అలాంటి సినిమా విజయాన్నే ఒక మాట మహిమకు అంటగట్టారు! పెరుమాళ్ పట్టుదల, శివాజీ కష్టం మరుగున పడి శకునం మిగిలింది. మూఢనమ్మకం చేసే అసలు నష్టం ఇదే. అది మనిషి కష్టాన్ని వేరే ఖాతాలోకి మార్చేస్తుంది.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. కాగితం తీసి, తెరవని కొట్టుకు కట్టిన అద్దె ఒకవైపు, మూఢం వల్ల వచ్చిన లాభం మరోవైపు రాయమన్నాను. మొదటిది వెంటనే రాశాడు. రెండోవైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. "అమ్మను కూడా ఒప్పించాలి మావయ్యా" అన్నాడు చివరికి.

మా అక్కయ్యను ఒప్పించడం మెయ్యప్పన్‌ను ఒప్పించడం కన్నా కష్టం. అయినా ప్రయత్నిస్తాను.