కొత్త పంజరంలో చిలుక: మాలిమి గురించి ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య పరిశోధనలో చిలుక ఎక్కువగా కథకునిగానో, రాయబారిగానో, మన్మథుని వాహనంగానో కనిపిస్తుంది. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిని చర్చించేటప్పుడు సైతం చిలుకను కథనశిల్పానికి ఒక సాధనంగానే చూడటం పరిపాటి. ఆ పక్షి ఎక్కడ పట్టుబడింది, ఎన్ని చేతులు మారింది, కొత్త ఇంట ఎన్నాళ్లకు మేత ముట్టింది అన్న ప్రశ్నలు విమర్శకు అక్కరలేనివిగా తోస్తాయి. అయితే ప్రాచీన గ్రంథాలు వీటిని పూర్తిగా విడిచిపెట్టలేదు. ఒక చోటి నుంచి మరొక చోటికి చేరిన చిలుక కొత్త మనిషిని నమ్మే క్రమం గురించి నేటి పక్షిపోషకులు చెప్పే మాటలకు చాలా దగ్గరైన వర్ణన బాణుని కాదంబరిలో ఉంది. చిలుక పలికితే మనిషిని నమ్మినట్లేనన్న భావన ఎంతో పాతది. కాదంబరి మాత్రం ఆ భావనను అంగీకరించదు.

ఈ సందర్భంలో తెలుగు పదసంపదను గమనించాలి. మచ్చిక, మాలిమి అన్న రెండు మాటలకూ అడవి ప్రాణిని సాధు చేయడం, చనువు, ప్రేమ అన్న అర్థాలు కలిసే ఉన్నాయి. లొంగుబాటుకూ అనురాగానికీ ఒకే మాట వాడటం వల్ల, పంజరంలో కదలక కూర్చున్న పక్షి భయపడి కూర్చుందో, నమ్మి కూర్చుందో మాట చెప్పదు. మరోవైపు అర్థం తెలియని వల్లెవేతను ‘చిలుక పలుకులు’ అన్నది కూడా ఈ భాషే.

పలుకు నేర్పడం

వాత్స్యాయనుని కామసూత్రం పేర్కొన్న అరవైనాలుగు కళలలో శుకశారికా ప్రలాపనం ఒకటి. చిలుకకూ గోరువంకకూ మాటలు నేర్పడం నాగరకుని దినచర్యలో భోజనానంతర కాలక్షేపం. అక్కడ దృష్టి అంతా పలుకు మీదే. ఆ పలుకు వెనుక పక్షి మనఃస్థితి ప్రస్తావనకు రాదు.

భారతదేశపు చిలుక గ్రీకు, రోమను రచయితలకు విచిత్ర వస్తువు. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో క్తేసియాస్, ఈ పక్షి తన దేశపు భాష మాట్లాడుతుందనీ, గ్రీకు నేర్పితే గ్రీకు కూడా మాట్లాడుతుందనీ రాశాడు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్లినీ ఇచ్చిన వివరం మరింత కఠినమైనది. చిలుక తల దాని ముక్కంత గట్టిదనీ, మాటలు నేర్పేటప్పుడు ఇనుప కడ్డీతో కొట్టాలనీ, లేకుంటే దానికి దెబ్బ తెలియదనీ ఆయన నమ్మాడు. తరువాతి శతాబ్దంలో అపులేయస్ కూడా ఇదే పద్ధతిని పేర్కొన్నాడు. ఓడలో సముద్రం దాటి, తెలియని చేతులలో పడిన పక్షికి ఆ ఇంట మొదట పరిచయమైనది ఇనుము. ఇలియన్ మాత్రం భారతీయ రాజుల ఉద్యానాలలో చిలుకలు సాధువుగా రాజు చుట్టూ చేరతాయని చెప్పాడు. ఇలియన్ భారతదేశాన్ని చూసినవాడు కాడు. ఆ చిత్రంలో ఎంత వినికిడి ఉందో, ఎంత వాస్తవముందో విడదీయడం కష్టం. అయినా ఒకే పక్షిని గురించి ఒకే సాంస్కృతిక ప్రపంచంలో కడ్డీ, చనువు పక్కపక్కనే నమోదు కావడం విశేషం.

కాదంబరి: మేత ముందు, మాట తరువాత

ఏడవ శతాబ్దంలో హర్షుని ఆస్థానానికి చెందిన బాణుడు వైశంపాయనమనే చిలుకను నేటి భాషలో ‘ఇల్లు మారిన పక్షి’గానే ప్రవేశపెట్టాడు. దాని జీవితం వరుస విచ్ఛేదాల కథ. వింధ్యాటవిలోని బూరుగు చెట్టు తొర్రలో పుట్టిన పిల్లకు తల్లి లేదు. ముసలి శబరుడు చెట్టెక్కి చిలుకలను చంపిన నాడు తండ్రి కూడా పోయాడు. తండ్రి రెక్క కింద దాగిన పిల్ల ఎండుటాకుల మీద పడి, దాహంతో పాకుతుండగా జాబాలి కుమారుడు హారీతుడు నీళ్లు తాగించి ఆశ్రమానికి చేర్చాడు. రెక్కలు వచ్చి ఎగిరిపోయాక మళ్లీ వల, మళ్లీ పంజరం. చివరకు ఒక మాతంగకన్య దానిని బంగారు పంజరంలో విదిశకు తెచ్చి శూద్రక మహారాజుకు సమర్పిస్తుంది.

సభలో చిలుక కుడికాలు ఎత్తి రాజును స్తుతిస్తూ ఆర్య చదువుతుంది. రాజు ఆశ్చర్యపోతాడు. చిలుకలు విన్నది వల్లించడం వింత కాదని మంత్రి కుమారపాలితుడు వివరిస్తాడు. కథ ఇక్కడే మొదలు కావచ్చు. కాలేదు. మధ్యాహ్న శంఖం మోగుతుంది, సభ ముగుస్తుంది, చిలుకను అంతఃపురానికి పంపుతారు. రాజు స్నానభోజనాలు ముగించాక దానిని రప్పించి మొదట అడిగింది దాని పుట్టుక గురించి కాదు, లోపల నచ్చిన ఆహారం ఏమైనా తిన్నావా అని. చిలుక నేరేడు రసం, దానిమ్మ గింజలు, ఉసిరికలు తిన్నానని చెబుతూ, రాణులు తమ చేతులతో అందించినదంతా అమృతమేనంటుంది. ఆ తరువాతే పుట్టుక ప్రశ్న వస్తుంది. శంఖం మోగడం శ్రోత కుతూహలాన్ని పెంచడానికి కవి కల్పించిన సాకు అనవచ్చు. కానీ ఆ విరామాన్ని స్నానంతో, చేతి మేతతో, నీడపట్టుతో నింపడం సాకుకు అవసరమైన దానికంటే ఎక్కువ. పద్యం చదివినంత మాత్రాన పక్షి తనను నమ్మిందని శూద్రకుడు అనుకోలేదు.

ఇంతకన్నా విలువైన ఘట్టం ఉత్తరభాగంలో, అంటే బాణుని మరణానంతరం కుమారుడు పూర్తిచేసిన భాగంలో ఉంది. కాలక్రమంలో ఇది సభాఘట్టానికి ముందు జరిగినది. వలలో చిక్కి మాతంగవాడలో కొయ్య పంజరంలో పడిన చిలుక మౌనవ్రతం పడుతుంది. పలకరించినా, బెదిరించినా అరుపులే తప్ప మాట లేదు. మేత, నీరు పెట్టినా ఆ రోజు ముట్టలేదు. మరునాడు ఆ కన్య స్వయంగా పండ్లు, చల్లని నీరు తెచ్చి, ఆకలిగొన్న ప్రాణి ఆహారాన్ని తిరస్కరించడం తగదని మెల్లగా నచ్చజెబుతుంది. చిలుక తింటుంది. మౌనం మాత్రం వీడదు.

ఆహారం అంగీకరించడం వేరు, మనిషిని అంగీకరించడం వేరన్న ఈ విభజన గమనార్హమైనది. కథ చివర ఆ కన్య లక్ష్మి అనీ, చిలుకగా పుట్టిన పుండరీకుని తల్లి అనీ తెలుస్తుంది. బిడ్డ మేలు కోరే ఆమె బంధించింది. అయినా పంజరంలోని పక్షికి ఆ సంగతి తెలియదు. దానికి ఆమె తనను బంధించిన మనిషి మాత్రమే. సదుద్దేశం పక్షికి కనబడదు, చేతలే కనబడతాయి. కొత్త ఇంటికి వచ్చిన చిలుకను ప్రేమగా పెంచేవారు ‘ఇంత చేసినా దగ్గరకు రాదేమి’ అని నొచ్చుకోవడంలోని పొరపాటు సరిగ్గా ఇదే.

ఆధునిక కాలం

నేడు యజమాని మారిన చిలుకల విషయంలో అనుభవజ్ఞులు పాటించే క్రమం ఆ కన్య అనుసరించిన దానికి దూరంగా లేదు. చిలుక వేటకు గురయ్యే జీవి. డేగ దాడి పైనుంచి వస్తుంది కనుక పంజరం మీదుగా చాచిన చేయి దానికి ప్రమాద సూచన. అందుకే పంజరాన్ని ఒక వైపు గోడకు ఆనించి ఉంచుతారు. మనిషి మొదట దూరంగా కూర్చుని తన పని తాను చేసుకుంటాడు. ఇష్టమైన గింజను ముందు గిన్నెలో, తరువాత కమ్మీల సందున, చివరకు అరచేతిలో అందిస్తాడు. ఈకలు ఒంటికి అదుముకొని మెడ నిటారుగా చాచితే అక్కడే ఆగి వెనక్కు తగ్గుతాడు. మనిషి ఎదుట తినడం, ఈకలు దువ్వుకోవడం, ఒంటికాలిపై నిలిచి కునుకు తీయడం భయం తగ్గిందనడానికి గుర్తులు. ఈ గుర్తులలో మాటకు చోటు లేదు. పాత ఇంట నేర్చిన పేరును కొత్త ఇంట పలవరించే చిలుక కొత్తవారిని పలకరిస్తున్నట్లు కాదు.

మాటను శాస్త్రీయంగా పరిశీలించినవారు కూడా కడ్డీకి దూరంగానే నడిచారు. ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో షికాగో ప్రాంతపు దుకాణంలో కొన్న ఆఫ్రికన్ గ్రే చిలుక అలెక్స్‌కు ఇద్దరు మనుషుల సంభాషణను చూపుతూ మాటలు నేర్పింది. ఒకరు గురువు, మరొకరు ఆదర్శమూ పోటీదారూ. వస్తువు పేరు సరిగా చెబితే బహుమతి ఆ వస్తువే. 2007లో అలెక్స్ మరణించే వరకు, మూడు దశాబ్దాల పాటు ఆ సాహచర్యం కొనసాగింది.

భారతదేశంలో ఈ చర్చకు చట్టపరమైన హద్దు ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుక వంటి దేశీయ చిలుకలను పట్టడం, అమ్మడం, ఇంట పెంచడం నేరం. వాటి విషయంలో ‘కొత్త ఇల్లు’ అంటే అటవీశాఖ సంరక్షణ కేంద్రమే. అక్కడ మనిషికి మరీ మాలిమి కావడం తిరిగి అడవికి వెళ్లడానికి అడ్డంకి అవుతుంది. విదేశీ చిలుకలలో ఆఫ్రికన్ గ్రే 2017 నుంచి అంతర్జాతీయ ఒప్పందంలోని అత్యున్నత రక్షణ జాబితాలో ఉంది. 2022 సవరణ, దాని వెంట వచ్చిన 2024 నియమాల ప్రకారం ఇటువంటి జాతుల యాజమాన్యం, చేతి మార్పిడి నమోదు కావాలి.

తెలుగువారి స్మృతిలో ఈ సమస్య మరొక రూపంలో నిలిచింది. కంచెర్ల గోపన్న గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గడానికి కారణం, పూర్వజన్మలో చిలుకను పంజరంలో బంధించడమేనని జనశ్రుతి. ఈ ఐతిహ్యాన్ని సాధారణంగా కర్మసిద్ధాంతానికి ఉదాహరణగా వివరిస్తారు. అందులో పెంపకం గురించిన తీర్పు కూడా ఉంది. ఆ చిలుకకు పాలు పోశారా, పండ్లు పెట్టారా, అది రామనామం పలికిందా అని ఈ కథ లెక్క చూడదు, పంజరంలో గడిపిన కాలాన్నే లెక్కిస్తుంది.

ఓరినోకో నదీతీరంలో 1800లో హంబోల్ట్ విన్న ముసలి చిలుక సంగతి దీని పక్కన పెట్టి చూడదగినది. మైపూరె గ్రామంలో ఉన్న ఆ చిలుక మాటలు ఎవరికీ అర్థం కావనీ, అది అంతరించిపోయిన అతూరె తెగ భాష మాట్లాడుతుందనీ స్థానికులు ఆయనకు చెప్పారు. ఆ గ్రామస్థులు దానికి తమ మాటలు నేర్పలేదు, తమ మధ్య చోటిచ్చారు. దాని మాట దానికే మిగిలింది.