జులై 25 ఎవరు పెట్టిన ముహూర్తం?

రాష్ట్రపతి ప్రమాణ స్వీకారం అంటే జులై 25. జ్ఞానీ జైల్‌సింగ్ నుంచి ద్రౌపదీ ముర్ము దాకా అందరూ ఆ రోజే ప్రమాణం చేశారు. తీరా రాజ్యాంగం తిరగేస్తే ఆ తేదీ ఎక్కడా కనబడదు.

మొదటి ప్రమాణం 1950 జనవరి 26న జరిగింది. ఢిల్లీలోని ఇప్పటి రాష్ట్రపతి భవన్‌లో, వైస్రాయ్‌లు కొలువు తీరిన దర్బారు హాల్లోనే, ఉదయం 10 గంటల 18 నిమిషాలకు దేశం గణతంత్రమైంది. మరో ఆరు నిమిషాలకు ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కానియా బాబూ రాజేంద్ర ప్రసాద్ చేత ప్రమాణం చేయించారు. హంగులు చాలావరకు పాతవే. నేటికీ రాష్ట్రపతి వెంట కదిలే అశ్వికదళం 1773లో వారన్ హేస్టింగ్స్ నెలకొల్పినదే! కొత్తదల్లా ప్రమాణ పాఠం. మంత్రులూ ఎంపీలూ రాజ్యాంగానికి విధేయులమై ఉంటామంటారు. రాష్ట్రపతి దాన్ని కాపాడతానంటారు. ఈ మాట అమెరికా అధ్యక్షుడి ప్రమాణంలోనూ ఉంది. ప్రజల సేవకు అంకితమవుతానన్నది మాత్రం మనవాళ్లు చేర్చుకున్నది.

ఇక తేదీ సంగతి. తొలి సార్వత్రిక ఎన్నికల తర్వాత 1952 మే 13న రాజేంద్ర ప్రసాద్ మళ్లీ ప్రమాణం చేశారు. ఆపైన 1967లో జాకీర్ హుస్సేన్ దాకా మే 13 చెక్కుచెదరలేదు. 1969 మే 3న ఆయన పదవిలో ఉండగానే కన్నుమూశారు. అమెరికాలో అయితే మిగిలిన కాలాన్ని ఉపాధ్యక్షుడు పూర్తి చేస్తాడు, కాబట్టి అక్కడ జనవరి 20 కదలదు. మన 62వ అధికరణం అలా కాదు: ఆరు నెలల్లోగా ఎన్నిక పెట్టాలి, గెలిచినవారికి పూర్తి అయిదేళ్లూ ఇవ్వాలి. అంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. బరంపురంలో తెలుగింట పుట్టిన వి.వి. గిరి ఆ ఎన్నికలో నెగ్గి ఆగస్టు 24న ప్రమాణం చేశారు. అది కొత్త తేదీ అయింది. 1974లో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌దీ అదే రోజు. ఆయన 1977 ఫిబ్రవరి 11న పోవడంతో అదీ చెదిరిపోయింది.

అప్పుడు వచ్చినవారు అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. 1969లో గిరి చేతిలో ఓడింది ఆయనే. ఈసారి 37 నామినేషన్లలో 36 చెల్లలేదు. పోటీయే లేకుండా ఎన్నికై జులై 25న ప్రమాణం చేశారు. ఏ జ్యోతిష్కుడూ పెట్టని ఆ ముహూర్తం, ఆ తర్వాత ఎవరి పదవీకాలమూ మధ్యలో తెగలేదు గనుక, అలాగే నిలబడిపోయింది.

పార్లమెంటు సెంట్రల్ హాల్లో ప్రమాణం ముగియగానే పాత, కొత్త రాష్ట్రపతులు కుర్చీలు మార్చుకుంటారు, బయట 21 తుపాకుల వందనం మోగుతుంది. 2022లో ముర్ము చేత ప్రమాణం చేయించిన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టినవారు. మధ్యలో ఖాళీ రాకపోతే తర్వాతి ప్రమాణం కూడా 2027 జులై 25నే.