లెక్క పుస్తకంలో లేని పద్దు

పోయిన డిసెంబరులో మా ఇంట్లో మూడు పనులు ఒకేసారి మీద పడ్డాయి. పాత వంటగది మిద్దె ఆ ఏడు వానలకు కారింది. ఇక చౌడు వేసి నెట్టుకురావడం కుదరదని బేల్దారి మేస్త్రిని పిలిచాం. అదే వారంలో మా ఆడబిడ్డ చిన్నకొడుక్కి స్వెట్టరు మొదలుపెట్టాను. చిలమత్తూరు చలి తెలిసిందే కదా, డిసెంబరులో తెల్లవారుజామున నీళ్ళలో చేయి పెట్టలేం. మూడోది సంక్రాంతి. ఇద్దరు ఆడబిడ్డలకు చీరలు, ఇంటి పనికి వచ్చే ఆమెకు బట్టలు, ఇంటింటికీ పంచే నువ్వులు, బెల్లం, కొబ్బరి, చెరుకు ముక్కలు. కన్నడ నాడు పక్కనే కాబట్టి మాకు ఆ పంపకం లేకుండా సంక్రాంతి గడవదు.

నేను ఒక నోటుబుక్కులో ఖర్చులు రాస్తాను. సిమెంటు ఎన్ని మూటలు, ఇసుక ఎంత, మేస్త్రి కూలి, చీరలకు ఎంత, బెల్లం ఎన్ని కిలోలు అని. ఒక రాత్రి స్వెట్టరు దగ్గరికి వచ్చి, ఊలు నాలుగు ఉండలు అని రాసి పెన్ను ఆపాను. ఇంకేం రాయాలి? పక్కనే కూర్చున్న అత్తమ్మ నవ్వి, "అది లెక్కలో రాసేదేముందమ్మా, చేత్తో అల్లేదే గదా, ఊరికే వస్తుంది" అంది.

అత్తమ్మ చెడ్డగా అనలేదు. నన్ను మెచ్చుకున్నట్టే అంది. కానీ "ఊరికే" అన్న మాట నన్ను ఆ నెలంతా వదల్లేదు. మేస్త్రి ఎనిమిది గంటల పని కూలి అయింది. నేను అర్ధరాత్రి దాకా అల్లిన గంటలు ఊరికే అయ్యాయి. ఇది మా ఒక్క ఇంటి లెక్క కాదని, చాలా పాత లెక్క అని ఆ తర్వాత మెల్లగా అర్థమైంది.

ఆ ఆదివారం చుట్టాలొస్తే లేపాక్షికి తీసుకుపోయాం. మాకు దగ్గరే కాబట్టి ఎన్నిసార్లు వెళ్ళానో నాకే గుర్తులేదు. ఈసారి మాత్రం గుడిని ఒక ఇల్లాలి కళ్ళతో చూశాను. కట్టుబడి ఖర్చు, దానం ఖర్చు, చేతిపని, ఈ మూడూ అక్కడ కూడా ఉన్నాయి.

కూర్మశైలం అనే చిన్న రాతిగుట్ట మీద ఉన్న ఆ వీరభద్రస్వామి గుడి విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో కట్టించింది. ఆయన పాలించింది 1529 నుంచి 1542 దాకా. కట్టించినవాళ్ళు విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. మన పెనుకొండ అప్పటికి సామ్రాజ్యంలో పెద్ద కేంద్రం. గుడి పైకప్పు మీద ఆ అన్నదమ్ముల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి, తలమీద పొడుగాటి కుళ్ళాయిలతో, పరివారంతో సహా. స్వామికి ఏయే ఊళ్ళు ఇచ్చారో శాసనాల్లో రాయించారు కూడా. అంటే దానం పద్దు రాతి మీదే ఉంది, ఎవరూ చెరపలేరు.

ఖర్చు పద్దు మాత్రం కథలో మిగిలింది. విరూపణ్ణ కోశాధికారి అనీ, రాజు ఊళ్ళో లేనప్పుడు ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడనీ, రాజు తిరిగొచ్చి కళ్ళు తీయించమని ఆజ్ఞ ఇస్తే తానే తన కళ్ళు పీకి గోడకేసి కొట్టాడనీ మా ప్రాంతంలో చెప్పుకుంటారు. కల్యాణమండపం పక్క గోడమీద ఎర్రటి మచ్చలు చూపించి, అవే ఆ కళ్ళ గుర్తులంటారు. కథ ఎంత నిజమో గానీ, కల్యాణమండపం పూర్తికాకుండా ఆగిపోయిన మాట కళ్ళకు కనిపిస్తుంది. స్తంభాలున్నాయి, పైకప్పు లేదు. మిద్దె విప్పేసి మేస్త్రి రెండు రోజులు రాకపోతే ఆకాశం కనబడే వంటగదిలో వంట చేసినదాన్ని కాబట్టి, ఆ మండపం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది.

ఆ కథను చిన్నప్పటినుంచి ఒకటే నీతిగా విన్నాను. తనది కాని సొమ్ముతో దానం చేయకూడదని. ఈసారి ఇంకోటి తోచింది. ఆ సొమ్ము రాజుదా, విరూపణ్ణదా అని అయిదు వందల ఏళ్ళుగా వాదిస్తున్నాం. రాళ్ళు మోసినవాళ్ళకు, సున్నం నూరినవాళ్ళకు, వాళ్ళకు గంజి కాచి పోసిన ఆడవాళ్ళకు ఆ కథలో చోటే లేదు. దానం ఇచ్చినవాడి పేరు ఉంది, ఖజానా ఉంది, చేతులు లేవు.

అదే పైకప్పు మీద ఆడవాళ్ళ బొమ్మలు చూడండి. ఒక్కో చీర ఒక్కో రకం. గీతలు, పూలు, గళ్ళు, వెడల్పు అంచులు. బయట లతామండపం స్తంభాల మీద ఎన్నో రకాల తీగలు, అల్లికలు. ఆ డిజైన్లే చీర అంచుల్లోకి వచ్చాయని మా వైపు నేతవాళ్ళు చెబుతారు. వేలాడే స్తంభం దగ్గరికి పోయి కొంగు దాని కింద ఒకవైపు నుంచి ఇంకోవైపుకు లాగడం అందరు ఆడవాళ్ళూ చేసే పనే. మా ఆడబిడ్డ ధర్మవరం చీర కొంగు లాగింది. ఆ చీర మగ్గం మీద కూర్చుని నేసింది మగమనిషే అయి ఉండొచ్చు. మగ్గం దాకా రాకముందు కండెలు చుట్టేది, దారాలు సర్దేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే. ఎన్నో ఇళ్ళలో ఆ పనికి విడిగా కూలి ఉండదు. చీర కూలిలోనే కలిసిపోతుంది, ఆ కూలి నేసినవాడి పేరున వస్తుంది.

మన జిల్లాల కంబళి కూడా అంతే. కురుబలు గొర్రెల ఉన్ని కత్తిరిస్తే ఆడవాళ్ళు వడికేవాళ్ళు, మగవాళ్ళు గుంటమగ్గం మీద నేసేవాళ్ళు, చింతగింజల గంజి పట్టించేవాళ్ళు. పొలంలో వానకు, చలికి, కాపలాకు అదే దిక్కు. వడకడం వంట మధ్యలో, పిల్లల్ని ఆడించే మధ్యలో జరిగేది. మధ్యలో జరిగే పనికి లెక్క ఉండదు, మీకూ తెలుసు.

రెండు సూదులతో, ఒక కొక్కెం సూదితో చేసే అల్లిక ఈ పాత ఉన్ని పని కంటే వేరు. అది మనకు ఎక్కువగా తెల్లదొరల కాలంలో, మిషనరీల బళ్ళ ద్వారా వచ్చింది. మా అమ్మ బడిలో కుట్టుపని పీరియడ్‌లో నేర్చుకుంది, నేను అమ్మ దగ్గర నేర్చుకున్నాను. తెలుగునాట ఈ పనికి అన్నిటికంటే పెద్ద చరిత్ర ఉన్నది మాత్రం మా సీమలో కాదు, గోదావరి ఒడ్డున నరసాపురంలో. 19వ శతాబ్దం నడుమ స్కాట్లాండ్ నుంచి వచ్చిన మక్రే దంపతులు అక్కడి ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. పేద ఇళ్ళకు నాలుగు డబ్బులు వస్తాయని మొదలైన పని, 20వ శతాబ్దంలో విదేశాలకు ఎగుమతి అయ్యే వ్యాపారమైంది.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఊళ్ళలో తిరిగి, ఆ ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడి ఒక పుస్తకం రాసింది. అది 1982లో వచ్చింది. పేరులోనే విషయమంతా ఉంది. నరసాపురం లేసు అల్లేవాళ్ళు, ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేసే భారతీయ గృహిణులు అని. లక్షకు పైగా ఆడవాళ్ళు ఆ పనిలో ఉన్నారు. ఒకామె పూలు అల్లుతుంది, ఇంకొకామె వాటిని అతుకుతుంది, ఏజెంటు దారం తెచ్చిచ్చి అల్లింది పట్టుకుపోతాడు. వంటావార్పూ అయ్యాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా చేతికి రూపాయి కూడా దక్కేది కాదు. పొలం కూలి కంటే చాలా తక్కువ. ఎందుకంత తక్కువంటే, వాళ్ళు కూలీలు కారట, గృహిణులట. తీరిక వేళ ఊసుపోక చేసే పనట. ఏజెంట్లు, వ్యాపారులు, ఎగుమతిదార్లు అయ్యింది మగవాళ్ళు.

ఇది చదివినప్పుడు అత్తమ్మ మాట గుర్తొచ్చింది. "ఊరికే వస్తుంది." మా ఇంట్లో ఆ మాట ముద్దుగా ఉంది. నరసాపురంలో అదే మాట మీద ఒక వ్యాపారమంతా నిలబడింది. పని అదే, సూది అదే. "తీరిక" అని పేరు పెట్టడంతో కూలి పోయింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు నిలిచినందుకు సంతోషమే. ఇక ఆ పేరు వెనకున్న చేతులకు ఎంత ముడుతోందన్నదే అసలు ప్రశ్న.

అల్లిక అంతా దోపిడీయేనా అంటే కాదు. ఇష్టంగా ఇచ్చిన చరిత్ర కూడా ఉంది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మంచుకొండల్లో చలికి వణుకుతున్న సైనికుల కోసం దేశమంతటా ఆడవాళ్ళు స్వెట్టర్లు అల్లి పంపారు, బంగారం ఇచ్చారు. బంగారాన్ని తూకం వేసి రసీదు రాయగలిగారు. రాత్రులు కూర్చుని అల్లిన గంటలకు రసీదు లేదు. వాళ్ళు అడగనూ లేదు. మనం మనస్ఫూర్తిగా ఇస్తే అది దానం. మనల్ని అడగకుండానే అది ఊరికే వస్తుందని ఇంకొకరు అనుకుంటే దానం కాదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇంటిపని విలువ గురించి కోర్టులు కూడా మాట్లాడాయి. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదంలో చనిపోయిన గృహిణుల సేవకు నెలకు 3,000 రూపాయల చొప్పున విలువ కట్టింది. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జనం రోజును ఎలా గడుపుతారో సర్వే చేయించింది. ఇంటిపనిలో పాలుపంచుకునే ఆడవాళ్ళు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు ఇస్తున్నారని, మగవాళ్ళు 97 నిమిషాలని అందులో తేలింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసు తీర్పులో మన తెలుగువారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెల్నే చూపించి, గృహిణి పనికి లెక్క కట్టాల్సిందేనని రాశారు. మంచి మాటే. కాకపోతే చూడండి, మనం పోయాక నష్టపరిహారం కోసం కట్టే విలువ అది. బతికుండగా మన ఇంటి నోటుబుక్కులో ఒక వరుస రాసుకోవడానికి ఏ కోర్టూ అక్కర్లేదు.

అందుకే రాశాను. ఊలు ఉండల పక్కన ఇంకో గడి గీసి, రోజూ ఎంతసేపు అల్లానో వేశాను. ఆ బుడ్డోడి స్వెట్టరుకు మొత్తం 41 గంటలయింది. మెడ దగ్గర కుట్లు తప్పి విప్పి మళ్ళీ అల్లిన రెండు గంటలూ కలిపే. దాని ఎదురుగా రూపాయలు వేయలేదు, వేయాలనీ అనిపించలేదు. గంటలు వేశాను, చాలు.

ఆ అంకె చూశాక రెండు నిర్ణయాలు వాటంతటవే జరిగాయి. పెద్ద ఆడబిడ్డ కూతురికి కూడా పండగలోపు ఒకటి అల్లుతానని మాటిచ్చి ఉన్నాను. పని జరుగుతున్న వంటగదితో అది నా వల్ల కాదని ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో వదినా, అంత పని అనుకోలేదు, మార్చికివ్వు, ఎండల్లో వేసుకుంటాం" అని నవ్వింది. ఎంత భయపడ్డానో, ఎంత తేలిగ్గా అయిపోయిందో. రెండోది మా ఇంటి పనికి వచ్చే ఆమె సంగతి. మిద్దె పని మొదలైనప్పటినుంచి ఆమె రోజూ ఒక గంట ఎక్కువ ఉండి దుమ్మంతా ఊడుస్తోంది. ఆమె అడగలేదు, నేను రాయలేదు. నా గంటలు ఊరికే పోతున్నాయని బాధపడ్డ నేను ఆమె గంటల్ని ఊరికే తీసుకుంటున్నాను. నోటుబుక్కులో ఆ పద్దు కూడా వేసి, పండగ చీరతో కలపకుండా విడిగా డబ్బు ఇచ్చాను. చీర మన ఇష్టం, కూలి ఆమె హక్కు. రెండూ ఒకే చేత్తో ఇచ్చి ఒకే పేరు పెట్టకూడదు.

భోగినాటికి వంటగదికి పైకప్పు పడింది, గచ్చు మాత్రం పండగయ్యాకే. విరూపణ్ణ మండపం కంటే నయమని మా ఆయన ఎగతాళి చేశాడు. పండగనాడు నువ్వులు బెల్లం పంచి వచ్చాక అత్తమ్మ నోటుబుక్కు తీసి చూసింది. 41 దగ్గర ఆగి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా కాలంలో మిద్దెకు చౌడు మోసింది, గోడలకు సున్నం కొట్టింది అంతా మేమే గదమ్మా. అదీ రాసుంటే ఎన్ని పుస్తకాలయ్యేవో" అంది.

ఆ పుస్తకాలు ఇప్పుడు రాయలేం. కానీ మీ ఇంట్లో లెక్క పుస్తకం ఉంటే, ఈ పండక్కి ఒక గడి ఎక్కువ గీయండి. మీవి ఎన్ని గంటలో, మీ పనిమనిషివి ఎన్నో, మీ అత్తమ్మవి ఎన్నో రాయండి. తర్వాత ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వాలో మీకే తెలుస్తుంది.