ఖతి దొరకని జాలపుట

ఫాంటును మన బ్లాగ్మిత్రులు ఖతి అంటున్నారు. మా పాతబస్తీలో ‘ఖత్’ అంటే చేవ్రాత. ఉత్తరానికీ అదే మాట. ఈ రెంటికీ చుట్టరికం ఉన్నదనే నా నమ్మకం. ఛత్తాబజారు ముద్రణాలయాల నడుమ తిరిగినవారికి సీసపు అచ్చుల సంగతి తెలిసే ఉంటుంది. కూర్చిన ఫారమును ఏ యంత్రంపైకి ఎత్తినా అక్షరాలు దానితోబాటే వెళ్ళేవి. పాఠమూ, అక్షరరూపమూ వేరు కావు. అంతర్జాలంలో అవి విడిపోయాయి. పాఠం ఒక దస్త్రం, ఖతి మరొక దస్త్రం. ఆ రెండవది ఎక్కడున్నదో వెదకి తెచ్చుకొనే భారం చదువరి యంత్రంపై పడింది. తెలుగు జాలచరిత్రలో తొలి పదేండ్ల గొడవ చాలవరకు ఈ వెదకులాటే.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. చోటైతే దొరికింది గాని, చూపగల యంత్రాలు మనకు చాలాకాలం లేవు. అందువల్ల 1990ల చివర వెలసిన తెలుగు పుటలు అడ్డదారి తొక్కాయి. రోమన్ అక్షరాలకు కేటాయించిన సంఖ్యలపైననే తలకట్టు, దీర్ఘం, వత్తు వంటి ముక్కలను అతికించిన ఖతులు పుట్టాయి. ఏ సంఖ్యకు ఏ ముక్క అన్నది చేసినవారి ఇష్టం. ఖతి అందిందా, తెలుగు. అందలేదా, తెరనిండా రోమన్ అక్షరాలు, వాటి నెత్తిన టోపీలు, చుక్కలు! మొదట చదువరులే ఖతిని దించుకొని తమ యంత్రంలో స్థాపించుకోవలసి వచ్చేది. గంటకింత అని అద్దె చెల్లించి నెట్ కేంద్రంలో కూర్చొనే నావంటివారికి అది కుదిరే పనికాదు. నేడు స్థాపించినది రేపటికి ఉండేది కాదు.

1997లో మార్గం ఒకటి తెరచుకొన్నది. పుటలో ఖతి చిరునామా వ్రాసిపెడితే విహరిణియే వెళ్ళి దానిని తెచ్చుకొనే ఏర్పాటు అది. ఎక్స్‌ప్లోరర్ నాలుగవ కూర్పుకు ‘ఇ.ఓ.టి.’ దస్త్రం కావాలి. నెట్‌స్కేప్ నాలుగవ కూర్పుకు బిట్‌స్ట్రీమ్ వారి ‘పి.ఎఫ్.ఆర్.’ కావాలి. ఒకరిది ఒకరికి పనికిరాదు. కాబట్టి పుట నిర్వాహకుడు రెండూ సిద్ధం చేయాలి.

అసలు తమాషా ఆ చిరునామాలో ఉన్నది. పూర్తి చిరునామా కాక ‘పక్క సంచయంలో ఉన్నది’ అన్నట్లు వ్రాస్తే, దేనికి పక్క? శైలిపత్రం వేరే దస్త్రమైతే లెక్క ఆ శైలిపత్రం ఉన్న చోటినుండే గాని, పుట ఉన్న చోటినుండి కాదు. విండోస్‌కు పెద్దబడి, చిన్నబడి రోమన్ అక్షరాల భేదం పట్టదు, లినక్స్ సర్వరుకు పట్టుతుంది. ఇంటి యంత్రంలో చక్కగా వెలిగిన పుట సర్వరుకెక్కగానే పిచ్చి వ్రాత అయ్యేది ఇట్టి కారణాలవల్లనే. వీటిని మించినది మరొకటి. మైక్రోసాఫ్ట్ వారి ‘వెఫ్ట్’ అనే ఉపకరణంతో ఇ.ఓ.టి. తయారుచేసేటప్పుడు, ఏ జాలస్థలి పుటలకు ఇది పనిచేయాలో ఆ చిరునామాను ఖతిలోనే ముద్రవేసేవారు. ఖతి చౌర్యం కాకుండా వేసిన తాళం అది. స్థలి పేరు మారినా, పుటను మన యంత్రంలో దాచుకొన్నా, ఖతి పక్కనే ఉండి కూడా పలకదు. తాళం వేసినవారి తర్కం నాకు అర్థమౌతుంది. నూరేళ్ళు నిలువవలసిన పాఠానికి అది వేయదగినది కాదంటాను.

మా వీధులలోని ఉర్దూ అవస్థ వేరు. 1981 నాటి నూరీ నస్తాలీఖ్‌కే మీర్జా అహ్మద్ జమీల్ దాదాపు 20,000 కూటాక్షరాలు వ్రాశారు. ఆ భారాన్ని టెలిఫోను తీగపై పంపడం జరిగే పనికాదు. అందువల్ల చాలా ఉర్దూ పత్రికలు పుటను బొమ్మగా చేసి పెట్టాయి. బొమ్మలో మాటను వెదకలేము. గుడ్డికన్న మెల్ల మేలన్నట్లు, మిగిలిన బొమ్మను మాత్రం నేడు తెరచినా చదువుకోవచ్చును. మనకు ఆ మెల్ల కూడ దక్కలేదు. 2000లో వచ్చిన నెట్‌స్కేప్ ఆరవ కూర్పు పి.ఎఫ్.ఆర్.ను విడిచిపెట్టింది. ఇ.ఓ.టి. చదివే ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్‌లో సెలవిచ్చారు. నేడు వేబ్యాక్ మెషీన్‌లో ఆనాటి పుట దొరికినా, అదృష్టవశాత్తు దాని ఇ.ఓ.టి. కూడ దొరికినా, నేటి విహరిణులు దానిని ముట్టవు.

ఇది అలంకారం పోవడం వంటిది కాదు. ఆ పుటలకు ఖతియే నిఘంటువు. ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పేది అదొక్కటే. వెన్న నాగార్జున గారి ‘పద్మ’ పనిచేసినది ఈ కిటుకుపైననే: ఒక్కొక్క ఖతికి ఒక్కొక్క పట్టిక కట్టి, ఫైర్‌ఫాక్స్‌లో పాత పుటలను యూనికోడ్‌గా మార్చి చూపింది. పట్టిక కట్టాలంటే ముందు ఖతి చేతికందాలి గదా.

యూనికోడ్ వచ్చాక కూడ వెదకులాట తప్పలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. కాని సంక్లిష్ట లిపుల దస్త్రాలను విడిగా ఎక్కించమనేది, ఎక్కించబోతే విండోస్ సీడీ పెట్టమని అడిగేది. సీడీ ఉన్న ఇండ్లెన్ని! తిరుమల కృష్ణ దేశికాచార్యుల వారి పోతన, వేమన ఖతులు ఉచితంగా దొరకడం ఆ రోజులలో పెద్ద ఉపకారం. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చాక వ్రాత సులువైనది. ఫైర్‌ఫాక్స్ 2009లో పుటతోబాటు ఖతిని తెచ్చుకొనడం నేర్చింది. సిలికానాంధ్ర వారు వెలువరించిన ఖతులు పిమ్మట గూగుల్ భాండాగారంలో చేరాయి. గోలకొండ పత్రిక సురవరం ప్రతాపరెడ్డి గారి పేరిట ఒకటున్నది. నేడు ఖతి చిరునామా తప్పితే సురవరం స్థానంలో యంత్రంలోని మరొక తెలుగు ఖతి కనబడుతుంది, అంతే. పాఠం చెడదు.

చెడినది 2006కు ముందటిది. కథలు, పద్యాలు, సంపాదకీయాలు సంఖ్యలుగా పడి ఉన్నాయి. మిత్రులారా, మీ పాత సీడీలలో ఆనాటి పత్రికల ఖతులు, ముఖ్యంగా టి.టి.ఎఫ్. దస్త్రాలు ఉంటే చెరపకండి. ఏ పత్రికదో, ఏ ఏటిదో పక్కన ఒక ముక్క వ్రాసి ఉంచండి. వ్యాఖ్యలో తెలిపితే పట్టికలు కట్టే పనిలో నేనూ కూర్చుంటాను. పదవీవిరమణ చేసినవాడను, తీరిక ఉన్నది.