బంతిని పట్టడం, భయాన్ని చదవడం: అమెరికా బేస్‌బాల్‌లో బాలశిక్షణ చరిత్ర

వ్యాససంగ్రహం:
చిన్నపిల్లలకు బేస్‌బాల్ బంతిని పట్టడం నేర్పే పద్ధతులు 19వ శతాబ్ది మధ్యభాగం నుండి 20వ శతాబ్ది చివరి వరకు ఎలా మారాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆట నియమం, చేతితొడుగు, మైదానం, బంతి అనే నాలుగు అంశాలలో వచ్చిన మార్పులను ఆధారంగా తీసుకొని, పిల్లల భయాన్ని ఒక్కొక్క కాలం ఎలా అర్థం చేసుకుందో వివరిస్తుంది. ఒకప్పుడు ధైర్యలోపంగా ఎంచిన భయాన్ని తరువాతి కాలం శిక్షణకు పనికివచ్చే సూచనగా గుర్తించిందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బేస్‌బాల్, బాల్యం, క్రీడాచరిత్ర, చేతితొడుగు, లిటిల్ లీగ్, చలననైపుణ్యం.

1. ప్రవేశిక

చిన్నపిల్లలకు బంతి పట్టడం నేర్పేవారందరికీ ఒక దృశ్యం పరిచితమే. బంతి దగ్గరకు రాగానే పిల్లలు తల పక్కకు తిప్పుకుంటారు, కళ్లు మూసుకుంటారు. చేతులు మాత్రం ముందుకు చాచే ఉంటాయి. బంతి ఆ చేతుల మధ్య నుండి జారి ఛాతీకి తగులుతుంది. ‘భయపడకు, బంతినే చూడు’ అని పెద్దలు హెచ్చరిస్తారు. సహజంగా కనిపించే ఈ హెచ్చరికలో ఒక నిర్ణయం దాగి ఉంది. బంతి ఎలా ఉందో అలాగే ఉంటుంది, పిల్లలే దానికి తగినట్లు మారాలి అన్నది ఆ నిర్ణయం. మారవలసింది పిల్లలా, బంతా అన్న ప్రశ్నకు బేస్‌బాల్ చరిత్ర ఒకే సమాధానం ఇవ్వలేదు. ఆ సమాధానాల క్రమాన్ని గుర్తించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

క్రికెట్ ఎరిగిన తెలుగు పాఠకులకు ఒక భేదాన్ని ముందుగా చెప్పాలి. క్రికెట్‌లో వికెట్‌కీపర్ తప్ప తక్కిన ఫీల్డర్లు ఒట్టి చేతులతోనే బంతిని పడతారు. బేస్‌బాల్‌లో ఫీల్డింగ్ చేసే తొమ్మిదిమందీ ఒక చేతికి తొడుగు ధరిస్తారు. బేస్‌బాల్ బంతి బరువు 5 నుండి 5.25 ఔన్సులు, అంటే సుమారు 142 నుండి 149 గ్రాములు. చుట్టుకొలత 9 నుండి 9.25 అంగుళాలు. 1872లో స్థిరపడిన ఈ కొలతలు నేటికీ మారలేదు. మూడంగుళాలకు కొంచెం తక్కువ వ్యాసం గల ఈ గట్టి బంతి పెద్దవారి అరచేతిలో ఒదుగుతుంది. ఐదేళ్ల పిల్లల అరచేతికి అది పెద్దది, బరువైనది.

2. ఒట్టి చేతుల కాలం: నేల తాకిన బంతి

న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్బు 1845లో రాసుకున్న నియమాల ప్రకారం, కొట్టిన బంతిని గాలిలో పట్టినా, ఒకసారి నేల తాకి లేచిన తరువాత పట్టినా బ్యాటర్ అవుటే. టెన్నిస్ బంతితో ఆడే మన వీధి క్రికెట్‌లో ఒక పిచ్ పడిన బంతిని ఒంటిచేత్తో పడితే అవుట్ అనే ఏర్పాటు ఇటువంటిదే. నేల తాకిన బంతి వేగం తగ్గుతుంది, చేతికి దెబ్బ తక్కువ తగులుతుంది. తొడుగులు లేని ఆ కాలంలో వేళ్లను కాపాడిన రక్షణ ఈ నియమమే.

అయితే ఆ రక్షణే దానికి ఆక్షేపణ తెచ్చింది. 1857 సమావేశంలో నికర్‌బాకర్ సభ్యులే గాలిలో పట్టిన బంతికి మాత్రమే అవుట్ ఇవ్వాలని ప్రతిపాదించారు. అది నెగ్గలేదు. పత్రికారచయిత హెన్రీ చాడ్విక్ మొదలైనవారు ఆ మార్పును ఏళ్ల తరబడి సమర్థించారు. నేల తాకిన బంతిని పట్టడం కుర్రవాళ్ల ఆటకు తగినదనీ, వయోజన పురుషుల ఆటకు తగదనీ వారి వాదసారాంశం. 1864 డిసెంబరులో జాతీయ సంఘం ఆమోదించడంతో మరుసటి ఏడు నుండి సాధారణ బంతుల విషయంలో ఆ వెసులుబాటు తొలగింది. ఫౌల్ బంతుల విషయంలో మాత్రం అది 1880ల వరకు కొనసాగింది.

ఈ వివాదంలో గమనించదగినది భాష. నొప్పిని తప్పించుకోవడం బాల్యలక్షణం, ఓర్చుకోవడం పురుషలక్షణం అనే ద్వంద్వం అందులో స్థిరపడింది. పిల్లలకు అనువైన నియమాన్ని తీసివేసినప్పుడు, పిల్లలు ఎలా నేర్చుకోవాలన్నది ఎవరికీ ప్రశ్నగా తోచలేదు. నేర్చుకోవడమంటే దెబ్బలకు అలవాటుపడడమే.

3. చేతితొడుగు: సిగ్గు నుండి సాధనంగా

తొడుగు చరిత్ర సిగ్గుతో మొదలవుతుంది. క్రీడాకారుడు, క్రీడాసామగ్రి వ్యాపారి ఆల్బర్ట్ స్పాల్డింగ్ 1911లో ప్రచురించిన గ్రంథంలో చార్లెస్ వెయిట్ అనే ఆటగాణ్ణి ప్రస్తావించాడు. వెయిట్ 1875లో చర్మపు రంగులో కలిసిపోయే తొడుగు ధరించి ఆడాడు. అది ఇతరుల కంట పడకూడదన్నది ఆ రంగు ఎంపికలోని ఉద్దేశం. స్పాల్డింగ్ 1877లో నల్లని తొడుగును బాహాటంగా ధరించాడు. అంతకుముందు ఏడే క్రీడాసామగ్రి సంస్థను స్థాపించిన వ్యక్తి అలా చేయడంలో వ్యాపారదృష్టి కూడా లేకపోలేదు.

ఆ తొలి తొడుగులు దెబ్బను తగ్గించేవే గాని బంతిని పట్టేవి కావు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పిచర్ బిల్ డోక్ 1920 ప్రాంతంలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలుపట్టీల అల్లిక ఉండాలని రాలింగ్స్ సంస్థకు సూచించాడు. ఆ అల్లికతో తొడుగులో ఒక గుంట ఏర్పడింది. బంతి చేరవలసిన చోటు అరచేయి నుండి ఆ గుంటకు మారింది.

దీనితో పిల్లలకు నేర్పవలసిన విషయమే మారిపోయింది. ఒట్టి చేతులతో పట్టేవారు బంతి తగిలే క్షణంలో చేతులను వెనక్కి లాగి వేగాన్ని తగ్గించడం నేర్చుకోవాలి. తొడుగుతో పట్టేవారు దాని ముఖాన్ని బంతి వైపు తిప్పడం నేర్చుకోవాలి. ఛాతీకి పైన వచ్చే బంతికి వేళ్లు పైకి, నడుముకు దిగువన వచ్చే బంతికి వేళ్లు కిందికి ఉండాలి. బంతి చేరగానే రెండో చేతితో దాన్ని మూయాలి. చిన్నపిల్లలు ఈ మణికట్టు తిప్పుడు చేయలేక, ఎత్తుగా వచ్చే బంతికి కూడా అరచేయి పైకి పెట్టి దోసిలి పడతారు. అప్పుడు బంతి తొడుగు అంచు మీదుగా జారి ముఖానికి తగులుతుంది. పైగా పెద్దదైన, బిరుసైన తొడుగును చిన్న చేయి ముడవలేదు. పెద్దవారికి రక్షణగా పుట్టిన వస్తువు పిల్లల చేతిలో మరొక అడ్డంకి కాగలదు.

4. మైదానమా, బంతా: రెండు దేశాల మార్గాలు

పిల్లల కోసం ఆటనే కుదించాలన్న ఆలోచనకు అమెరికాలో స్థిరరూపం ఇచ్చినవాడు కార్ల్ స్టాట్జ్. పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో ఆయన 1939లో మూడు జట్లతో లిటిల్ లీగ్‌ను ప్రారంభించాడు. బేస్‌ల మధ్య దూరాన్ని 90 అడుగుల నుండి 60 అడుగులకు తగ్గించాడు. కాని లిటిల్ లీగ్ నియమాలలో బంతి కొలతలు మాత్రం పెద్దల బంతి కొలతలే. మైదానం బాల్యాన్ని గుర్తించింది, బంతి గుర్తించలేదు.

జపాన్ మార్గం వేరు. అమెరికన్ ఉపాధ్యాయుడు హొరేస్ విల్సన్ ద్వారా 1872లో టోక్యోకు చేరిన ఈ ఆటకు, 1910ల చివరలో క్యోటోలో పిల్లల కోసం రబ్బరు బంతి రూపొందింది. గట్టి బంతి పిల్లలకు ప్రమాదకరమన్న ఆలోచనే దానికి మూలం. ‘నాన్‌షికి’ అనే ఆ రబ్బరు బంతి ఆట అక్కడి పాఠశాలల్లో విస్తరించింది. ఒకే ఆటకు సంబంధించి ఒక సమాజం దూరాన్ని, మరొక సమాజం కాఠిన్యాన్ని సవరించింది.

అమెరికాలో బంతిని ప్రశ్నించడానికి ప్రమాదాల లెక్కలు కారణమయ్యాయి. వినియోగదారుల ఉత్పత్తి భద్రతా సంఘం 1996లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 1973 నుండి 1995 వరకు బేస్‌బాల్, దాని అనుబంధ ఆటలలో 88 మంది పిల్లలు మరణించారు. వారిలో 68 మంది బంతి తగిలి మరణించినవారు. ఆ 68లో 38 ఛాతీ దెబ్బలు, 21 తల దెబ్బలు. ప్రామాణిక బంతి కంటే మెత్తని బంతుల వాడకం గాయాల తీవ్రతను తగ్గించగలదని ఆ అధ్యయనం పేర్కొంది. పిల్లల భయానికి వాస్తవమైన ఆధారం ఉందని ఈ అంకెలు చెబుతున్నాయి.

5. భయం అధ్యయనవిషయం కావడం

20వ శతాబ్ది ఉత్తరార్ధంలో చలనవికాస పరిశోధకులు పిల్లలు బంతి పట్టే తీరును దశలుగా వర్ణించారు. రాల్ఫ్ విక్‌స్ట్రమ్ 1970లో వెలువరించిన పాఠ్యగ్రంథం ఈ రంగంలో ప్రసిద్ధం. ఈ పరిశోధనలు గుర్తించిన తొలిదశలో చేతులు బిగుసుకొని ముందుకు చాచి ఉంటాయి. తరువాత పిల్లలు బంతిని చేతులతో ఛాతీకి అదుముకుంటారు. చేతులతో మాత్రమే పట్టడం ఆ తరువాతి దశ. తల తిప్పుకోవడం, కళ్లు మూసుకోవడం ఈ వర్ణనలో తప్పొప్పుల పట్టికలో చేరలేదు. అవి గమనించి నమోదు చేయవలసిన లక్షణాలయ్యాయి.

తల తిప్పుకుంటే ఏమి పోతుందో భౌతికశాస్త్రం చెప్పింది. సెవిల్ చాప్‌మన్ 1968లో ప్రచురించిన వ్యాసంలో, తన వైపుగా ఎగిరివచ్చే బంతిని పట్టే ఫీల్డర్ చూపు ఎత్తుకోణాన్ని విశ్లేషించాడు. ఆ కోణపు టాంజెంట్ స్థిరమైన రేటుతో పెరుగుతూ ఉంటే ఫీల్డర్ సరైన చోట ఉన్నట్లు. అంటే ఎక్కడ నిలబడాలో చూపే చెబుతుంది. చూపు తప్పిన క్షణంలో ఆ సమాచారం తెగిపోతుంది. అందువల్ల ‘బంతినే చూడు’ అన్న మాట సరైనదే. అయితే దెబ్బ తగులుతుందని నమ్మే పిల్లలు ఆ మాటను పాటించలేరు.

ఇక్కడే శిక్షణక్రమం తలకిందులవుతుంది. ముందు నేల మీద దొర్లించిన బంతి, తరువాత దగ్గర నుండి కింది చేతితో మెల్లగా విసిరిన స్పాంజి బంతి లేదా చుట్టిన మేజోడు, ఆపైన తేలికైన తొడుగు, చిట్టచివర గట్టి బంతి. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. పెద్ద బంతి సులువుగా అందుతుంది గాని ఛాతీకి అదుముకునే అలవాటును నిలబెడుతుంది. వేళ్లతో పట్టడం రావాలంటే చిన్నదీ మెత్తనిదీ అయిన బంతి కావాలి. కాబట్టి ఏది సులభం అన్న ప్రశ్నతో పాటు ఏ దశకు ఏది అనుకూలం అన్న ప్రశ్నను కూడా శిక్షకులు వేసుకోవాలి.

6. రక్షణ పేరిట మినహాయింపు

భయాన్ని గుర్తించడం ఎల్లప్పుడూ పిల్లల పక్షాన నిలవలేదు. న్యూజెర్సీలోని హొబోకెన్‌లో మరియా పెపే అనే బాలిక 1972లో లిటిల్ లీగ్ జట్టులో మూడు ఆటలు ఆడింది. ఆ తరువాత ఆమెను తప్పించవలసి వచ్చింది. దానిపై నడిచిన విచారణలో, బాలికల ఎముకల దృఢత్వం, ప్రతిస్పందన వేగం తక్కువన్న వాదనను సంస్థ పక్షం వినిపించింది. 1973లో విచారణాధికారి సిల్వియా ప్రెస్లర్ బాలికల పక్షాన నిర్ణయించారు. 1974లో లిటిల్ లీగ్ నియమాలు మారాయి. బంతి ప్రమాదకరమైతే అది అందరు పిల్లలకూ ప్రమాదకరమే. బాలుడి భయాన్ని శిక్షణతో తీర్చదగినదిగా, బాలిక దేహాన్ని మాత్రం తీర్చలేని లోపంగా చూడడంలో 1857 నాటి ‘పురుషోచిత’ వాదమే కొత్త రూపంలో కనబడుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి. ఒకటి, పిల్లలకు అనువైన నియమం బేస్‌బాల్ ఆరంభంలోనే ఉంది. దాన్ని తొలగించినది పౌరుషభావన. రెండు, చేతితొడుగు, కుదించిన మైదానం, మెత్తని బంతి వేర్వేరు కాలాల్లో ఆ లోటును పాక్షికంగా పూరించాయి. మూడు, భయాన్ని సమాచారంగా చదవడం చలనవికాస అధ్యయనాలు అందించిన ముఖ్యమైన దృష్టి. నాలుగు, ఆ దృష్టి ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్నది శాస్త్రం ఒక్కటే తేల్చలేదు. దానికి న్యాయవిచారణ కూడా అవసరమైంది.

తల తిప్పుకునే పిల్లలు ఆ క్షణంలో శిక్షకులకు ఒక విషయం తెలియజేస్తున్నారు. ఈ బంతి, ఈ వేగం, ఈ దూరం తమకు ఇంకా తగవని వారి దేహం చెబుతోంది. దాన్ని పిరికితనంగా వినడానికీ, పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే సూచనగా వినడానికీ మధ్య ఉన్న దూరాన్ని దాటడానికి ఈ ఆటకు నూరేళ్లకు పైగా పట్టింది.